సినిమా ముచ్చట్లు: కబీరియా రాత్రులు

ఈ నెల మన శీర్షికలో తెలుగు సినిమా లేదు, హిందీ సినిమా కూడా లేదు. ఇటలీ సినిమా. ఫెదెరికో ఫెల్లినీ 1957లో తీసిన "కబీరియా రాత్రులు". నలుపు తెలుపు చిత్రం, నిడివి రెండు గంటలకు కాస్త తక్కువ. కథంతా చెప్పేస్తున్నామని కోపగించుకోకండి. రామాయణం తెలిసినవాళ్లే కదా హరికథకు వెళ్లి కూర్చునేది! ఇదీ అలాంటిదే.

కథానాయిక కబీరియా రోము నగరపు వేశ్య. ఈ మాటకే పేజీ తిప్పేసే పెద్దలుంటే ఒక్క క్షణం ఆగమని మనవి. ఫెల్లినీ ఆమె వృత్తిని చూపించడు, ఆమెను చూపిస్తాడు. పొట్టి మనిషి, కురచ జుట్టు, చేతిలో గొడుగు, నోరు తెరిస్తే తగాదా. ఊరి చివర బోడి నేలమీద అగ్గిపెట్టెలాంటి సిమెంటు ఇల్లు. అది ఆమె సొంతం. ఆ ఇంట్లో ఏమేం ఉన్నాయో చెప్పుకుంటూ నీళ్లు, దీపం, గ్యాసు అన్నీ లెక్కపెట్టి, ఆఖరికి థర్మామీటరు కూడా ఉందంటుంది. వైద్యవృత్తిలో ఉన్నందువల్లనేమో, ఆ ఒక్క మాటతో ఆమె మాకు దగ్గరైపోయింది. జ్వరం వస్తే చూసుకునేందుకు నా ఇంట్లో నా వస్తువు ఉందనే గర్వం అది.

సినిమా మొదలవడమే ఏటి ఒడ్డున. జార్జియో అనే ప్రియుడితో పరుగులు పెడుతూ వస్తుంది. వాడు ఆమె చేతిసంచి లాక్కుని, ఆమెను నీళ్లలోకి తోసి పారిపోతాడు. సంచిలో ఉన్నది నలభై వేల లీరాలు. ఈదుకుంటున్న పిల్లలు ఆమెను బయటకు లాగుతారు. చుట్టూ చేరినవాళ్లు తలకిందులుగా పట్టుకుని నీళ్లు కక్కించబోతారు. అక్కడ మేము కుర్చీలో కదిలిపోయాం. నీట మునిగినవాళ్లకు అలా చేయకూడదు, వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, అవసరమైతే ఛాతీ నొక్కాలి. కానీ ఆ పద్ధతులు వాడుకలోకి వచ్చింది 1958, 1960 సంవత్సరాల్లో వెలువడిన పరిశోధనల తర్వాతే. 1957 నాటి ఆ పామరులను తప్పుపట్టలేం. ప్రాణం నిలిచింది, అదే చాలు. తెలివి రాగానే ఆమె అడిగేది "జార్జియో ఏడీ?" అని. వాడే తోశాడని ఒప్పుకోవడానికి ఆమెకు ఒక పూట పడుతుంది. ఒప్పుకున్నాక వాడి వస్తువులన్నీ పోగేసి ఇంటిముందే మంట పెడుతుంది.

తర్వాత ఒక రాత్రి ప్రియురాలితో పోట్లాడిన పెద్ద సినిమా నటుడు ఆమెను కారెక్కించుకుని తన భవంతికి తీసుకుపోతాడు. ఇంతలో ప్రియురాలు తిరిగొస్తుంది. కబీరియా తెల్లవార్లూ స్నానాలగదిలో ఒక కుక్కపిల్లతో కూర్చోవలసి వస్తుంది. తాళం చెవి సందులోంచి వాళ్ల రాజీ చూస్తుంది. మరొక రోజు తోటివాళ్లతో కలిసి రోము దగ్గర దివీనో అమోరే మేరీమాత క్షేత్రానికి వెళుతుంది. మన తిరునాళ్లలాగే జనం, కొవ్వొత్తులు, కేకలు. నడవలేని ఒక ముసలివాడు మహిమ జరుగుతుందని ఊతకర్రలు వదిలేసి దబ్బున పడిపోతాడు. కబీరియా మాత్రం తన బతుకు మార్చమని గుండెలు పగిలేలా వేడుకుంటుంది. బయటకు వచ్చి చూస్తే ఎవరూ మారలేదు. అదే గడ్డిమీద అదే మనుషులు తింటూ తాగుతూ ఉంటారు.

ఇక అసలు ఘట్టం. ఒక చవకబారు నాటకశాలలో ఇంద్రజాలికుడు ఆమెను వేదికమీదికి పిలిచి వశీకరణ నిద్రలోకి పంపుతాడు. నిన్ను పెళ్లాడదలచిన ఆస్కార్ అనే యువకుడు వచ్చాడంటాడు. ఆమె పద్దెనిమిదేళ్ల పిల్లయిపోతుంది. లేని పూలు కోస్తుంది. "నిజంగానే నన్ను ప్రేమిస్తున్నావా? మోసం చేయవు కదా?" అన్న అర్థం వచ్చే మాటలు పసిపిల్లలా అడుగుతుంది. హాలంతా గొల్లుమంటుంది. రోగి మా ముందు విప్పిన మనసు నాలుగు గోడలు దాటకూడదని మా వృత్తిలో తొలినాడే నేర్పుతారు. ఇక్కడ ఒక మనిషి గుండెలో మాటను టిక్కెట్టు కొన్నవాళ్లందరి ముందూ పరిచేశారు.

ఆ ప్రేక్షకుల్లో ఒకడు బయట ఆమెకోసం నిలబడి ఉంటాడు. మర్యాదస్తుడు. లెక్కలు రాసే ఉద్యోగమంటాడు. తన పేరు కూడా ఆస్కారే అంటాడు! ఆమె ఏం కోరుకుంటోందో ఆమె నోటే విన్నాడు కదా, ఇంకేం కావాలి? తాళంచెవి చేతికి వచ్చినట్టే. కబీరియా వెంటనే నమ్మదు. అనుమానిస్తుంది, ఎదురు ప్రశ్నలు వేస్తుంది, ఆగుతుంది. ఆఖరికి నమ్ముతుంది. ఇల్లు అమ్మేస్తుంది. దాచుకున్నదంతా తీసి సంచిలో పెట్టుకుంటుంది. "నీకూ ఇలాంటి రోజు వస్తుంది" అని స్నేహితురాలు వాండాను ఓదార్చి, అత్తారింటికి పోయే పెళ్లికూతురిలా బయలుదేరుతుంది.

సరస్సు పైన కొండ అంచున, చెట్ల మధ్య అతని ముఖం మారుతుంది. ఆమెకు అర్థమైపోతుంది. నేలమీద పడి, నన్ను చంపెయ్, నాకీ బతుకు వద్దని ఏడుస్తుంది. తోయడానికి అతనికి ధైర్యం చాలదు. సంచి మాత్రం తీసుకుని పరుగెత్తుతాడు. చాలాసేపటికి ఆమె లేచి రోడ్డుమీదికి నడుస్తుంది. అప్పుడు అడవిలోంచి కుర్రకారు గుంపొకటి వస్తుంది. గిటారు, అకార్డియన్, తలమీద కాగితం టోపీలు, పాటలు. ఆమె చుట్టూ తిరుగుతూ నడుస్తారు. ఒక అమ్మాయి "శుభ సాయంత్రం" అని పలకరిస్తుంది. కాటుక కలిసిన ఒక నల్లటి కన్నీటి బొట్టు చెంపమీద ఉండగానే కబీరియా మెల్లగా నవ్వుతుంది. ఒక్క రెప్పపాటు మన వైపు కూడా చూస్తుంది. అంతే, సినిమా అయిపోతుంది.

ఈ పాత్ర వేసిన జూలియెట్టా మసీనా ఫెల్లినీ భార్య. ఇదే పాత్రను చిన్నగా 1952లో "తెల్ల షేక్" చిత్రంలో వేసింది. 1957లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి ఆమెకు వచ్చింది. ఆ ఏటి విదేశీ చిత్రాలకిచ్చే ఆస్కార్ ఈ సినిమాకు వచ్చింది. సంగీతం నీనో రోతా. రోము వీధిభాషలో సంభాషణలకు పసోలినీ సాయపడ్డాడు. గుహల్లో తలదాచుకునే దిక్కులేనివాళ్లకు రాత్రిపూట తిండి పంచే "సంచి మనిషి" దృశ్యాన్ని అప్పట్లో తీసేశారు. 1998లో పునరుద్ధరించిన ప్రతిలో మళ్లీ చేర్చారు. అమెరికాలో ఇదే కథ ఆధారంగా "స్వీట్ చారిటీ" అనే సంగీత నాటకం 1966లో, సినిమా 1969లో వచ్చాయి.

తెలుగువాళ్లం గనుక మధురవాణి గుర్తుకు రాక మానదు. "కన్యాశుల్కం" 1955లో సినిమాగా వచ్చినప్పుడు సావిత్రి ఆ పాత్ర వేసింది. మధురవాణి లోకాన్ని చదివేసిన మనిషి. గిరీశం వంటివాళ్లను వేలిమీద ఆడించగలదు. ఆమెను మెచ్చుకోవడం మనకు సులువు, ఎందుకంటే ఆమె మోసపోదు. కబీరియా మోసపోతుంది, అదీ మళ్లీ మళ్లీ. తెలివిగలదాన్ని గౌరవించడం ఒక ఎత్తు. నమ్మి నష్టపోయినదాన్ని గౌరవించడం మరొక ఎత్తు. ఫెల్లినీ మనచేత రెండోది చేయిస్తాడు.

ఈ సినిమాను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం అదే. పెళ్లి చేసుకుని, నగానట్రా సర్దుకుని, సముద్రాలు దాటి వచ్చి, ఇక్కడ భర్త వదిలేస్తే ఏ దిక్కూ లేక నిలబడిన ఆడపిల్లల కథలు మనకు కొత్త కావు. అలాంటి కబురు తెలిసినప్పుడు మన విందుల్లో ఏం జరుగుతుంది? పప్పూ పులిహోరా వడ్డించుకుంటూ, "విచారించుకోకుండా ఎలా ఇచ్చారండీ?" అంటాం. "ఆ పిల్లలో కూడా ఏదో లోపం ఉండే ఉంటుంది" అంటాం. ఆ పిల్ల ఎవరో ఒకరికి నమ్మి చెప్పుకున్న మాట వారం తిరక్కుండా అందరి ఇళ్లకూ చేరుతుంది. ఇది ఆ నాటకశాల గుంపే. టిక్కెట్టు ఒక్కటే తక్కువ.

చివరి దృశ్యంలోని కుర్రవాళ్లు కబీరియాకు ఏం చేశారు? డబ్బు ఇవ్వలేదు. వాడిని పట్టుకోలేదు. ఏం జరిగిందని కూడా అడగలేదు. తమతో పాటు నడవనిచ్చారు, ఒక అమ్మాయి పలకరించింది. లాయరును చూపించడం, తలదాచుకునే చోటు చూడడం చేయగలిగితే తప్పకుండా చేయాలి. కానీ అంతకన్నా ముందు, "ఆదివారం గుడికి వెళుతున్నాం, కారులో చోటుంది, మీరూ రండి" అనే మాట ఒకటుంది. ఉగాదికి కార్డు పంపేటప్పుడు ఆ పేరు జాబితాలోంచి కొట్టేయకుండా ఉండడం ఒకటుంది. వీటికి చదువూ అక్కర్లేదు, చందా అక్కర్లేదు.

మళ్లీ నమ్ముతుందా కబీరియా? మాకు నమ్ముతుందనే అనిపించింది. ఆ నవ్వును అమాయకత్వం అనడానికి మాకు మనసొప్పలేదు. ఇల్లు పోయింది, డబ్బు పోయింది, ఆమె మాత్రం మిగిలింది.

ఇంగ్లీషు ఉపశీర్షికలతో ఈ సినిమా దొరుకుతుంది. చిన్నపిల్లల్ని పడుకోబెట్టాక చూడండి. కాలేజీ వయసు పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చూసి మీకేమనిపించిందో నాలుగు వాక్యాలు రాసి పంపండి, పై సంచికలో వేసుకుందాం.