మే నెలలో నాకు రెండు రోజులు

మే 10 ప్రపంచ లూపస్ దినం. మే 19 ప్రపంచ ఐబీడీ దినం. తొమ్మిది రోజుల తేడాతో రెండూ నావే!

మొదట వచ్చింది పేగు జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి రక్తం పోతుంటుంది. సల్ఫాసలజిన్ మాత్రలతో అదుపులోకొచ్చింది. బయటికెళ్లే ముందు దారిలో బాత్రూమ్ ఎక్కడుందో వెతుక్కోవడం మానేశాను. హమ్మయ్య అనుకున్నా.

రెండేళ్లకి వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున్నే బ్రష్ పట్టుకోవడమే గగనం. ఎండలోకెళ్తే బుగ్గలు, ముక్కు ఎర్రగా కందిపోయేవి. "వేడి చేసిందే, మజ్జిగ తాగు" అంది అమ్మ. నేనేమో మెడికల్ షాపులో ఐబూప్రొఫెన్ కొనుక్కుని వారం రోజులు మింగాను. కీళ్లు తగ్గాయి, పేగు తిరగబడింది. ఆ రకం నొప్పి మాత్రలు పేగు జబ్బున్నవాళ్లకి పడకపోవచ్చని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

కొలైటిస్‌లో కీళ్ల నొప్పులు మామూలే అన్నారు పేగు డాక్టర్. నిజమే, మామూలే. కానీ కీళ్ల డాక్టర్ ఏఎన్ఏ పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. అదొక్కటే వస్తే లూపస్ అని కాదు, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొందరికి వస్తుంది. అసలు చిక్కు వేరే. సల్ఫాసలజిన్ వల్లే కొందరికి లూపస్ లాంటి జబ్బు వస్తుందట! మందు వల్ల వచ్చిందైతే, ఆపితే సాధారణంగా పోతుంది. సొంతదైతే పోదు. తేల్చాలంటే ఆపి చూడాలి. నన్ను నిలబెట్టిన మందుని!

తమాషా ఏంటంటే, స్వీడన్ డాక్టర్ నానా స్వార్ట్స్ ఆ మందుని తయారు చేయించిందే కీళ్లవాతం కోసం. పేగులకి బాగా పనికొస్తుందని ఆ వాడకంలోనే బయటపడింది.

ఆపాం. నెలలు గడిచినా కణుపులు తగ్గలేదు, బుగ్గల ఎరుపూ పోలేదు. డీఎస్‌డీఎన్ఏ పరీక్ష కూడా పాజిటివ్. సొంతదే. ఆ రాత్రి బాగా ఏడ్చాను, దాచడమెందుకు.

ఇప్పుడు అజాథయోప్రిన్ వాడుతున్నా. రెండు జబ్బులకీ వాడే మందే. తెల్లకణాలు పడిపోకుండా రక్తపరీక్షలు తప్పవు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా ఉంది కాబట్టి కళ్ల డాక్టర్ కూడా చుట్టమయ్యారు.

నేను చేసిన తెలివైన పని ఒక్కటే. రెండు ఫైళ్లూ కలిపి ఒకే పీడీఎఫ్ చేసి ఫోన్‌లో పెట్టుకున్నా. మొన్న పేగు డాక్టర్ ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజక్షన్ రాయబోతుంటే అది చూపించా. పెన్ను ఆగింది. ఆ మందు కూడా కొందరిలో లూపస్ లాంటిది తెస్తుందట. "మీ కీళ్ల డాక్టర్‌తో మాట్లాడి రాస్తానమ్మా" అని అక్కడే ఫోన్ తీశారు.

నాలుగేళ్లలో వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి.