బాలివాళ్ళు చేసిందీ, మనం చేయనిదీ

వాషింగ్టన్‌లో మసాచుసెట్స్ అవెన్యూ మీద మన దౌత్య కార్యాలయానికి ఎదురుగా గాంధీ విగ్రహం ఉన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలుసు. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళు అక్కడో ఫొటో దిగే ఉంటారు. అదే రోడ్డులో ఇంకో నాలుగడుగులు వేస్తే ఇండోనేషియా ఎంబసీ వస్తుంది. దాని ముందు పదహారడుగుల సరస్వతీదేవి తెల్లగా, బంగారు రంగు నగలతో నిలబడి ఉంటుంది. బాలి శిల్పులు చెక్కిన ఆ విగ్రహాన్ని 2013లో పెట్టారు. అమ్మవారి కాళ్ళ దగ్గర ముగ్గురు పిల్లలు చదువుకుంటూ ఉంటారు. వాళ్ళలో ఒకడు చిన్నప్పుడు జకార్తా బళ్ళో చదివిన బరాక్ ఒబామా. ప్రపంచంలో ముస్లిం జనాభా అత్యధికంగా ఉన్న దేశం అగ్రరాజ్యపు రాజధానిలో తన గుమ్మం ముందు చదువులతల్లిని నిలబెట్టుకుంది.

ఆ తల్లి వచ్చిన బాలి ద్వీపంలో 2020 లెక్కల ప్రకారం జనం 43 లక్షలు. ఒక్క హైదరాబాద్ నగరానికి కూడా సరిపోరు. అమెరికాలో స్థిరపడిన బాలివాళ్ళు బహు కొద్దిమంది. అయినా వాళ్ళ సంగీతం, నాట్యం ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో అరవై ఏళ్ళకు పైగా పాఠ్యాంశాలు. మనం లక్షల్లో ఉన్నాం. ఆ మాట మన గురించి చెప్పుకోగలమా?

లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో 1950ల చివర మాంటిల్ హుడ్ అనే ఆచార్యుడు ఇండోనేషియా నుంచి గమెలాన్ తెప్పించాడు. గమెలాన్ అంటే కంచు పలకలూ, గంటలూ, తాళాలూ, డోళ్ళూ కలిసిన మేళం. ఒక జాతి సంగీతం గురించి రాయదలచినవాడు ముందు దాన్ని వాయించడం నేర్చుకోవాలని, రెండు భాషలు వచ్చినట్టే రెండు సంగీతాలూ రావాలని ఆయన పట్టుబట్టాడు. 1930లలో బాలిలో కాపురముండి అక్కడి మేళాల గురించి రాసిన కాలిన్ మెక్‌ఫీ కూడా తర్వాత అక్కడే పాఠాలు చెప్పాడు. 1979లో బర్క్‌లీ దగ్గర ఇద్దరు అమెరికన్లు, ఒక బాలి గురువు కలిసి సెకర్ జయ అనే బృందం పెట్టారు. ఆ బృందం 1985లో బాలికే వెళ్ళి ఊళ్ళోవాళ్ళ ముందు వాయించి వచ్చింది. 1993లో ఎంఐటీలో గలక్ తిక అనే మేళం మొదలైంది. అవును, మన పిల్లల్ని ఇంజనీరింగ్ కోసం పంపాలని కలలు కనే ఆ ఎంఐటీలోనే!

ఆ క్లాసు తీరు వింటే మనకు మన ఊరి బడే గుర్తొస్తుంది. లోపలికి వెళ్ళేముందు బూట్లు విప్పాలి. వాద్యాన్ని దాటి అడుగు వేయకూడదు, పక్కనుంచి చుట్టి వెళ్ళాలి. ముందు పుస్తకం ఉండదు, స్వరాలు రాసిచ్చేదీ ఉండదు. గురువు ఎదురుగా కూర్చుని, వాద్యాన్ని అవతలి వైపు నుంచే తలకిందులుగా వాయిస్తుంటాడు. శిష్యుడు ఆ చేతిని చూసి అనుకరించాలి. పాట అంతా ఒక్కడి చేతిలో ఎప్పుడూ ఉండదు. ఒకడు కొట్టిన దెబ్బల మధ్య ఖాళీల్లో పక్కవాడు కొడతాడు. ఒకే రోట్లో రెండు రోకళ్ళు పడుతున్నట్టన్నమాట. ఒక రోకలి ఆగితే దంపుడు ఆగినట్టే, ఒకడు తప్పితే పాట పోతుంది. ‘నేను బాగా వాయించాను’ అనే మాటకు అక్కడ చోటు లేదు.

బాలి సంప్రదాయమంటే డాన్సూ గుడీ మాత్రమేనని అనుకోకండి. రైతుబిడ్డలైన మన పాఠకులకు ‘సుబక్’ కథ చెప్పి తీరాలి. సుబక్ అంటే ఒకే కాలువ కింద వరి పండించేవాళ్ళ సంఘం. ఎవరి మడికి నీళ్ళు ఎప్పుడు వదలాలో, ఏ ఆయకట్టు ఎప్పుడు బీడు పెట్టాలో నీటి గుళ్ళ దగ్గర అందరూ కలిసి తేల్చుకునేవారు. 1970లలో హరిత విప్లవం వచ్చింది. కొత్త వంగడాలు వేయండి, వీలైనన్ని పంటలు తీయండి, గుడి పంచాంగంతో పనేముంది అన్నారు అధికారులు. మొదట దిగుబడి పెరిగింది. తర్వాత సుడిదోమ వచ్చి చేలను ఊడ్చేసింది, నీళ్ళు చాలక కొట్లాటలు మొదలయ్యాయి. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఇంకో శాస్త్రవేత్తతో కలిసి, ఆ లోయల లెక్కంతా కంప్యూటర్‌లో పెట్టి చూశాడు. ఒకేసారి ఎక్కువ పొలం బీడు పెడితే దోమకు తిండి దొరకదు. కానీ ఊళ్ళన్నీ ఒకేసారి నాట్లేస్తే నీరు చాలదు. ఈ రెంటి మధ్య సరైన చోటు గుడి పంచాంగానికి ముందే తెలుసని తేలింది. 1991లో ఆయన రాసిన పుస్తకం పేరే ‘పూజారులు, ప్రోగ్రామర్లు’. 2012లో యునెస్కో సుబక్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గొలుసుకట్టు చెరువులు కట్టుకున్న కాకతీయుల నేల నుంచి వచ్చిన మనకు ఇది పరాయి కథ ఎలా అవుతుంది?

దగ్గరితనం ఇంకా చాలా ఉంది. వాళ్ళ కొత్త సంవత్సరం ‘న్యెపి’ కూడా శక సంవత్సరాదే. 2023లో ఉగాదీ, న్యెపీ రెండూ మార్చి 22నే వచ్చాయి. మనం పచ్చడి తిని పంచాంగం వింటాం. వాళ్ళు ఆ రోజు దీపం వెలిగించరు, గడప దాటరు. విమానాశ్రయం కూడా మూతపడుతుంది. పేర్లు మరీ తమాషా. మొదటి బిడ్డ వాయన్, రెండోవాడు మదే, మూడోవాడు న్యోమన్, నాలుగోవాడు కెతుత్, ఐదోవాడు మళ్ళీ వాయనే. మన పెద్దోడు, నడిపోడు, చిన్నోడు లాగానే. చాలామందికి ఇంటిపేరు ఉండదు. ‘లాస్ట్ నేమ్ ఏది?’ అని అమెరికా ఆఫీసుల్లో వాళ్ళు పడే పాట్లు, వీసా మీద ఎఫ్.ఎన్.యూ. అని పడ్డ మనవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు.

2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో తెలుగువాళ్ళెంతమందో తెలియాలంటే ఏ క్యాంపస్‌లోనైనా బస్సెక్కితే చాలు. ఆ పిల్లల్లో ఎక్కువమంది నలుగురు తెలుగు రూమ్మేట్లతో చేరి, తెలుగులోనే వండుకుని, తెలుగు సినిమాయే చూసి రెండేళ్ళు గడిపేస్తారు. తప్పు పట్టలేం. నెత్తిన బ్యాంకు లోను. 2025 మే చివర విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త తేదీలివ్వడం కొన్ని వారాలు ఆపేశారు. జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టి సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తామన్నారు. ఈ భయాల మధ్య గమెలాన్ నేర్చుకోమంటే ‘వాయించుకోవడానికి అదొక్కటే తక్కువ’ అంటారేమో. కానీ పరాయి ఊళ్ళో ఒంటరితనం తినేస్తున్న కుర్రాడికి వారానికి రెండు గంటలు పాతికమందితో కలిసి ఒకే పాట కొట్టడం ఏ మందుకూ తీసిపోదు. గుమిగూడటం మాట అటుంచి, ‘మీ ఊళ్ళో ఏం వాయిస్తారు?’ అని పక్కవాడు అడిగినప్పుడు చెప్పడానికి తన దగ్గరేముందో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఆ వెతుకులాటలో దొరికేది తక్కువేమీ కాదు. కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో తంజావూరు బాలసరస్వతి నేర్పిన పదాల్లో క్షేత్రయ్యవి ఉన్నాయి. అంటే అమెరికన్ అమ్మాయిలు తెలుగు మాటకు అభినయం పట్టి ఎన్నో ఏళ్ళయింది. విస్కాన్సిన్‌లో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. అక్కడ చదివిన జీన్ రోఘైర్ పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడిన వీరుల కథను విని, రాసుకుని, ఇంగ్లీషులో పుస్తకం చేస్తే 1982లో ఆక్స్‌ఫర్డ్ అచ్చేసింది. ఆ గాలెయ్య పేరు మన సభల్లో ఎవరైనా ఎత్తగా విన్నారా?

బాలివాళ్ళు తమ కళను ముందుగా పరాయివాళ్ళ పిల్లలకు నేర్పారు. గురువుల్ని పంపారు, వచ్చినవాళ్ళను ఇంట్లో పెట్టుకున్నారు. వాళ్ళ పిల్లలూ ఇక్కడికి వచ్చారు. ఐ మదే బండెం 1980లో వెస్లియన్‌లో పీహెచ్‌డీ చేసి, వెనక్కి వెళ్ళి డెన్‌పసార్‌లో కళాశాల నడిపాడు. ఇండోనేషియా ప్రభుత్వం 1974లో మొదలుపెట్టిన ‘దర్మసిస్వ’ స్కాలర్‌షిప్ విదేశీ విద్యార్థులకు భాషా కళలూ నేర్పడానికే పెట్టింది. మనమో, 1977 నుంచి మహాసభలు జరుపుతున్నా, మన నృత్యాన్ని మన పిల్లలకే, మన హాల్లోనే, మన చప్పట్ల మధ్యే నేర్పుకుంటున్నాం. సినిమా తారలకయ్యే విమానం ఖర్చు మాట మేం ఎత్తదలచుకోలేదు.

అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బాలి తోలుబొమ్మ ‘వయాంగ్’ను అమెరికన్ విద్యార్థులు ఎప్పటినుంచో చదువుతున్నారు. నిమ్మలకుంటలో బొమ్మ చేసే చేతులు బతుకుతెరువుకు లాంపుషేడ్లు చేస్తున్నాయి. వాళ్ళలో ఒకరిని మూడు నెలల పాటు ఏదో ఒక విశ్వవిద్యాలయంలో కూర్చోబెట్టి, తెలుగు రాని పిల్లలకు తోలు మీద రాముణ్ణి గీయడం నేర్పించడానికి ఎంతవుతుందో సంఘాల కోశాధికారులు ఈసారి బడ్జెట్ వేసేటప్పుడు లెక్క చూడాలి. ఇలాంటి కళాకారుల కోసం పి-3 వీసా ఉంది. నర్తకుల్నీ గాయకుల్నీ పిలిపించిన సంఘాలకు ఆ కాగితాలు కొత్తేమీ కావు.