ఎవరూ బయట కూర్చోని ఆట

సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలతో నిండుతుంది కదా, అందరం కలిసి ఆడుకోవడానికి ఏం కొనమంటారని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. దుకాణానికి వెళ్తే అరల నిండా పెట్టెలే. పెట్టె మీద ఎనిమిదేళ్లు దాటినవారికి అని ఉంటుంది, ఇద్దరి నుంచి నలుగురి దాకా అని ఉంటుంది. మన ఇంట్లో చూస్తే ఆరేళ్ల పిల్ల ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో నాయనమ్మ ఉంటుంది, నాకు ఆటలంటే పడదని ముందే చెప్పేసే చిన్నాన్న ఉంటాడు. తీరా లెక్కేస్తే డజను మంది తేలతారు. పెట్టె మీది లెక్కకూ ఈ ఇంటి లెక్కకూ పొంతన కుదరదు. కాబట్టి ముందు ఆడబోయేవాళ్లను చూసుకోండి, ఆట సంగతి తర్వాత. అందరిలోకీ చిన్నవాళ్లు, అందరిలోకీ పెద్దవాళ్లు చివరిదాకా ఆటలో ఉండగలిగితే అది మంచి ఆట. ఒక్కొక్కరినీ బయటికి పంపేస్తూ సాగే ఆట ఎంత ఖరీదైనదైనా ఇంటిల్లిపాదికీ పనికిరాదు.

మనం పిల్లలకు ఎక్కువగా కొనిపెట్టే బిజినెస్ ఆటనే తీసుకోండి. బొంబాయి కొని, కలకత్తా కొని, ఇళ్లు కట్టి అద్దెలు వసూలు చేసే ఆట. దానికి మూలం మోనోపొలీ. ఆ మోనోపొలీ ఎలా పుట్టిందో తెలిస్తే, ఈ ఆట మన ఇళ్లలో అలకలతో ఎందుకు ముగుస్తుందో అర్థమవుతుంది. అమెరికాలో లిజీ మాగీ అనే ఆవిడ 1904లో ల్యాండ్‌లార్డ్స్ గేమ్ అనే ఆటకు పేటెంటు పొందింది. భూములన్నీ కొద్దిమంది చేతుల్లోకి పోతే మిగతావాళ్లు అద్దెలు కట్టలేక ఎలా చితికిపోతారో జనానికి కళ్లకు కట్టాలని ఆవిడ దాన్ని తయారుచేసింది. దాన్నుంచి వచ్చిన మోనోపొలీని పార్కర్ బ్రదర్స్ కంపెనీ 1935లో అమ్మకానికి పెట్టింది. ఆవిడ చేసిన హెచ్చరిక మరుగునపడింది, దివాలా తీయించడం మాత్రం ఆటలో మిగిలిపోయింది. నలుగురు కూర్చుంటే ముందు దివాలా తీసేది ఎప్పుడూ చిన్నపిల్లే. పెద్దన్నయ్యలు ఇద్దరూ ఇంకో గంటన్నర హోరాహోరీగా ఆడుకుంటారు. ఆ పిల్ల మాత్రం పక్కన కూర్చుని నోట్లు లెక్కపెట్టివ్వాలి, లేదా లేచి వెళ్లి అమ్మ ఫోను అడగాలి.

ఈ లోపాన్ని బాగా సరిదిద్దినవాళ్లు జర్మన్లు. క్లాస్ టాయిబర్ రూపొందించిన కటాన్ 1995లో వచ్చింది. ఒక దీవిలో రోడ్లు వేసుకుంటూ ఊళ్లు కట్టుకునే ఆట అది. పాచికలు ఎవరు వేసినా సరే, పడ్డ అంకెకు ఆనుకుని మన ఊరుంటే కలపో ఇటుకలో గోధుమలో మన చేతికి వస్తాయి. అంటే పక్కవాడి వంతులో కూడా మనకు పనుంటుంది. ఉన్ని ఇస్తాను ఇటుక ఇస్తావా అని బేరాలు నడుస్తూనే ఉంటాయి. ఎవరినీ ఆటలోంచి తీసేయరు. ఎవరో ఒకరు 10 పాయింట్లు తెచ్చుకోగానే ఆట అయిపోతుంది. మ్యాట్ లీకాక్ 2008లో తెచ్చిన పాండమిక్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో ఆడేవాళ్లంతా ఒకే జట్టు, అటువైపు ఉన్నవి ప్రపంచమంతా పాకుతున్న రోగాలు. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. నలుగురు స్నేహితులు, పెళ్లీడు బావామరదళ్లు కలిసి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోవాలంటే ఈ రెండూ మేలైనవి. ధర వేలల్లో ఉంటుంది. అయినా ఏళ్ల తరబడి ఆడతారు కాబట్టి దండగ కాదు. నాయనమ్మను కూర్చోబెట్టి ఈ నియమాలు చెప్పబోతే మాత్రం సగం పూట చెప్పడానికే సరిపోతుంది. ముక్కల మీద ఉన్నదంతా ఇంగ్లీషు కూడానూ.

ఇంటిల్లిపాదికీ అంటే నా ఓటు అష్టాచెమ్మాకే. సుద్దముక్కతో నేల మీద అయిదు గళ్లు అడ్డం, అయిదు గళ్లు నిలువు గీస్తే పటం సిద్ధం. నాలుగు వైపులా నడిమి గళ్లలో ఇంటూ గుర్తు పెడితే అవి నలుగురి ఇళ్లు, మధ్యలోది పండే గడి. బయటి చుట్టు 16 గళ్లు, లోపలి చుట్టు 8, నడుమ ఒకటి. మనిషికి నాలుగు కాయలు. ఒకరివి చింతగింజలు, ఒకరివి గాజుముక్కలు, ఒకరివి గులకరాళ్లు, ఒకరివి బొత్తాలు అయినా చాలు. నాలుగు గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు నడుస్తాం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెండింటికీ మళ్లీ వేసుకునే హక్కుంటుంది. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే 16 సార్లకు సగటున ఒక అష్టా, ఒక చెమ్మ వస్తాయి. అందుకే వాటిలో ఏది పడినా ఇల్లు ఎగిరిపోయేంత కేక లేస్తుంది.

ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదృష్టానికీ తెలివికీ కుదిరిన పొత్తు. వైకుంఠపాళిలో అంతా గవ్వల మీదే, మనం ఆలోచించేదేమీ లేదు. పిల్లలకు అది చాలు, పెద్దలకు అరగంటలో ఆవలింతలు వస్తాయి. చదరంగంలో అంతా బుర్ర మీదే, చేయి తిరిగినవాడి ముందు పిల్లవాడు పదిసార్లు కూర్చుంటే పదిసార్లూ ఓడతాడు. అష్టాచెమ్మాలో ఏ గవ్వలు పడతాయో మన చేతిలో లేదు. ఏ కాయ నడపాలో, ఎవరి కాయను చంపాలో, ఏది ఇంటూ గడిలో దాచాలో మాత్రం మన చేతిలోనే ఉంది. ఒక్క కాయనైనా చంపితేగానీ లోపలి చుట్టులోకి దిగనివ్వరు కాబట్టి, ఎంత మెత్తని మనిషైనా ఎవరో ఒకరి మీదికి పోక తప్పదు. చచ్చిన కాయ ఇంటికి పోయి మళ్లీ బయల్దేరుతుంది. మనిషి మాత్రం ఆటలోనే ఉంటాడు. ఇంటికో పద్ధతి కూడా ఉంది. అష్టానో చెమ్మో పడితేగానీ మొదటి కాయ దిగకూడదనే ఇళ్లున్నాయి. కొత్త కోడలు తన పుట్టింటి పద్ధతి చెప్పడం, అత్తగారు ఒప్పుకోకపోవడం, చివరికి ఒక ఆట ఆ పద్ధతిలో ఒక ఆట ఈ పద్ధతిలో అని రాజీపడటం ఈ ఆటలోనే చూశాను.

మా పెద్దమ్మకు ఎనభై దాటాయి, చూపు బాగా మందగించింది. పోయినసారి చెల్లెలి మనవడితో ఆడటానికి కూర్చుంది. వాడు గవ్వలు వేసి, మూడు వెల్లకిలా పడితే చెమ్మ అని అరిచి మళ్లీ గవ్వలు తీయబోయాడు. ఆవిడ వాడి చేయి పట్టుకుని, రెండో చేత్తో గవ్వల్ని ఒక్కొక్కటే తడిమింది. “మూడేరా. తొండి ఆడితే నీ కాయ ఇంటికి పంపిస్తా” అంది. వాడు నవ్వేసి మూడు గళ్లు నడిచాడు. తర్వాత ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా ఏ గడిలో ఎవరి కాయ ఉందో వాడే చదివి చెప్పాడు, ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఎనభై ఏళ్ల మనిషీ ఆరేళ్ల పిల్లవాడూ ఒకరి మీద ఒకరు నిజంగా గెలవాలని ఆడటానికి మరో చోటు ఎక్కడుంది చెప్పండి?

ఇద్దరే ఉంటే పులి-మేక వేసుకోవచ్చు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దాటి దూకి చంపుతుంది, మేకలన్నీ కూడి పులిని కదలకుండా కట్టేయాలి. మేకల పక్షం పెద్దవాళ్లు తీసుకుని పులుల్ని పిల్లలకిస్తే మొదట్లో వాళ్లకు ఉత్సాహంగా ఉంటుంది. నాలుగైదు ఆటలయ్యాక వాళ్లే మేకలు అడుగుతారు. బలహీనులు కలిసికట్టుగా నిలిచి గెలవడంలోని రుచి అప్పటికి తెలిసిపోతుంది. ముప్పై మందీ చేరితే తంబోలాకు మించింది లేదు. 90 అంకెలు, చీటీకి 15. అంకెలు గుర్తుపట్టగలిగితే చాలు, వయసుతో పనిలేదు. అంకెలు పిలిచే పని ఆ ఆటలంటే పడని చిన్నాన్నకు అప్పగించండి.

ఇక వాకిట్లోకి వస్తే, మగపిల్లలు బ్యాటు పట్టుకోగానే వాకిలి వాళ్లదైపోతుంది. క్రికెట్ అంటే నాకూ ఇష్టమే. కానీ పండగ రోజు ఇంటి ముందు క్రికెట్ పెడితే బ్యాటింగ్, బౌలింగ్ ఆ నలుగురైదుగురివే. ఆడపిల్లలు బంతి అందించేవాళ్లుగా మిగులుతారు, పెద్దలు అరుగు మీద ప్రేక్షకులు. అందుకే ఏడు పెంకులాటకు పొమ్మంటాను. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఏడు పెంకుల్ని బంతితో కూల్చాలి, అవతలి జట్టు బంతితో కొట్టేలోగా మళ్లీ పేర్చాలి. కూల్చడానికి గురి కావాలి, అది తాతయ్యకు ఉంటుంది. పేర్చడానికి చురుకుదనం కావాలి, అది పదేళ్ల పిల్లకు ఉంటుంది. తప్పించుకోవడానికి పరుగు కావాలి, అది కుర్రాళ్ల పని. అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు పెంకులు దొరకవు. టైల్సు ముక్కలతో ఆడటం చూశాను, వాటి అంచులకు చేతులు తెగుతాయి. వడ్రంగిని అడిగి అరచేతంత చెక్కముక్కలు ఏడు కోయించుకుంటే ఏళ్లపాటు ఉంటాయి. బంతి మెత్తని స్పాంజిది వాడండి, మోకాలి కింద మాత్రమే కొట్టాలని ముందే ఒప్పందం చేసుకోండి. అంత పరుగు వద్దనుకుంటే రెండు చెట్లకు తాడు కట్టి రబ్బరు రింగుతో టెన్నికాయిట్ ఆడండి. మన ఊళ్ల హైస్కూళ్లలో చదివిన అత్తయ్యలు, పిన్నులు చాలామంది ఒకప్పుడు అందులో ఆరితేరినవాళ్లే. రింగు చేతికిస్తే చాలు, వాళ్లకు అన్నీ గుర్తుకొస్తాయి.

మరీ చిన్నవాళ్ల కోసం మన పెద్దలు ఒక మంచి ఏర్పాటు చేశారు, ఆటలో అరటిపండు. వాడు పరిగెత్తుతాడు, అరుస్తాడు, దొరికినా దొంగ కాడు. నాలుగేళ్ల పిల్లలకు అది సరిగ్గా సరిపోతుంది. ఆరేడేళ్లు వచ్చాక మాత్రం తన ఆట లెక్కలోకి రావడం లేదని పిల్లలకు తెలిసిపోతుంది, చిన్నబుచ్చుకుంటారు. అప్పుడు వాళ్లకు పూర్తి వంతు ఇవ్వండి. కావాలంటే నాలుగు అడుగులు దగ్గర నుంచి బంతి వేయనివ్వండి.

పండగనాడు పేకముక్కలు తీయడం మనకు కొత్త కాదు. ముక్కల్లో తప్పేమీ లేదు, పిల్లలతో గాడిద ఆడుకుంటే గంటలు తెలియవు. డబ్బు పెట్టిన మరుక్షణం సంగతి మారిపోతుంది. పిల్లల్ని లేపేస్తారు, నాయనమ్మ తనంతట తనే లేచిపోతుంది, మిగిలిన నలుగురూ మొహాలు బిగించుకుని కూర్చుంటారు. డబ్బు పందేల ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఆ పందేలతో చితికిన కుటుంబాల గురించి మనందరం విన్నాం. ఇంట్లో పది రూపాయలతో మొదలైనా సరే, పిల్లల ఎదుట ఆ అలవాటు వద్దని గట్టిగా చెబుతున్నాను. పందెం కావాలంటే ఓడినవాళ్లు అందరికీ టీ పెట్టాలని పెట్టుకోండి.

డాలస్‌కో న్యూజెర్సీకో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకూ ఒక మాట. ఆవకాయ సీసాల పక్కన నాలుగు గవ్వలు కూడా సంచిలో వేసుకోండి. అక్కడి మనవడికి తెలుగు తడబడుతుంది, మీకు వాడి ఇంగ్లీషు అందదు. పలకరింపులు అయిపోయాక ఇద్దరికీ మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది. గవ్వలు వేస్తే ఆ ఇబ్బంది ఉండదు. ఒకటి, రెండు, మూడు, చెమ్మ, అష్టా అన్నవి వారంలో వాడి నోటికి వచ్చేస్తాయి. నీ కాయ చంపాను, నా కాయ పండింది అనే మాటలు వాటి వెనకే వస్తాయి.

ఇంతసేపూ ఎవరినీ బయట కూర్చోబెట్టని ఆట గురించి చెప్పాను. నిజానికి మన ఇళ్లలో ఆట మొదలుకాకముందే బయట ఉండిపోయేవాళ్లు వంటింట్లో ఉన్నవాళ్లు. పదిమందికి అరిసెలు వత్తుతూ, గిన్నెలు కడుగుతూ, హాల్లోంచి వచ్చే కేకలు వింటూ ఉంటారు. ఎంత మంచి ఆట ఎంచుకున్నా వాళ్లు లేకుండా ఆడితే సగం ఇల్లే ఆడినట్టు. ఈ పండక్కి ముందు అందరూ కలిసి వంటింటి పని ముగించండి, మగవాళ్లూ పిల్లలూ తలో చేయి వేయండి. అమ్మ, వదిన, పిన్ని చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాకే పంటలు వేయండి. మొదటి వంతు వాళ్లకే ఇవ్వండి.