బేతాళుడికి నెల జీతం ఉండేది

శవాన్ని భుజానేసుకుని, చేతిలో కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ మీరంతా చూసే ఉంటారు. చందమామ చదవకపోయినా మీమ్‌లోనైనా తగిలే ఉంటుంది. గీసింది శంకర్. 1924లో పుట్టారు, 2020లో పోయారు. అసలు పేరు శివశంకరన్, తమిళాయన. దాదాపు 60 ఏళ్లు చందమామకే గీశారు. పద్మశ్రీ వచ్చింది 2021లో, మనిషి వెళ్లిపోయాక.

ఆ పత్రిక పెట్టినాయన మాత్రం మనోడే. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి.నాగిరెడ్డి. బర్మాకు ఎర్రగడ్డలు ఎగుమతి చేసిన కుటుంబం వాళ్లది. ఆయన మద్రాసులో ప్రెస్సు నడిపి, చక్రపాణితో కలిసి 1947 జులైలో చందమామ తెచ్చారు. తర్వాత అది 12కు పైగా భాషల్లోకి వెళ్లింది. పాతాళభైరవి, మాయాబజార్ కూడా వీళ్ల విజయా వాళ్లవే. వాళ్లన్న బి.ఎన్.రెడ్డిది పులివెందుల వైపు. ఇంత చెప్పినా మా ప్రొద్దుటూరులో అడిగితే బంగారు అంగళ్ల గురించే చెప్తారు లెండి.

నేను ముప్పై ఏళ్లుగా వారపత్రికలకు బొమ్మల కథలు గీస్తున్నా. కాబట్టి శంకర్‌గారిలో అందరూ మెచ్చుకునే గీత కంటే నాకు ఆశ్చర్యంగా కనిపించేది ఇంకొకటి: ఆయనకు ఒకటో తారీఖున జీతం వచ్చేది. ఆఫీసు ఉంది, కుర్చీ ఉంది, వచ్చే నెల సంచిక ఉందన్న ధైర్యం ఉంది. 60 ఏళ్ల గీత వెనక ప్రతిభ ఎంతుందో, ఆ కుర్చీ కూడా అంతే ఉంది. దీన్ని ఎవరూ చెప్పరెందుకో!

కామిక్స్ అంటే గళ్లు, బుడగల్లో మాటలు అనుకుంటే మనకు ముందు గుర్తుకు రావాల్సింది బుజ్జాయి. కృష్ణశాస్త్రిగారబ్బాయి. ఆయన పంచతంత్రం 1960ల్లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో వారం వారం వచ్చింది. వారం వారం అన్న మాట చదవడానికి తేలిక. పేజీకి ఆరు గళ్లు, ఒకే నక్క ఆరు కోణాల్లో, ఆరింట్లోనూ అదే నక్కలా ఉండాలి. ముందు పెన్సిలు, తర్వాత ఇండియన్ ఇంకు, తప్పొస్తే తెల్ల రంగు. మెడ పట్టేస్తుంది. జ్వరమొచ్చినా గురువారానికి పేజీ పోవాల్సిందే.

నా పేజీలు చాలావరకు నా దగ్గర లేవు. ఒక పత్రిక (పేరెందుకులే) మూతపడ్డప్పుడు నా ఒరిజినల్స్ పాత కాగితాల కింద తూకానికి పోయాయి. కొన్ని నెలల డబ్బులూ రాలేదు. డబ్బులు మర్చిపోయా. పేజీలు మాత్రం ఇప్పటికీ కలలో కనిపిస్తాయి.

ఇదంతా ఎందుకంటే, జమ్మలమడుగులో మా అక్క కొడుకు ఇంజనీరింగ్ సీటు వద్దంటున్నాడు. ఫోన్లో వెబ్‌టూన్లు చదివి, ట్యాబ్ మీద గీసి ఇన్‌స్టాలో పెడతాడు. గీత బాగుంది, అబద్ధం చెప్పను. మొన్నొచ్చి, "మామా, బొమ్మలు గీచ్చే పొట్ట నిండుతాదా?" అన్నాడు. అంటూనే ఏఐ యాప్‌లో బేతాళుణ్ణి అడిగి, క్షణాల్లో నాలుగు బొమ్మలు చూపించాడు. ఒకదాంట్లో విక్రమార్కుడికి మూడు చేతులున్నాయి. ఇద్దరం నవ్వుకున్నాం. నాకు నవ్వు సగంలోనే ఆగిపోయింది, రేపోమాపో ఆ మూడో చెయ్యి కూడా సర్దుకుంటుంది కదా.

మా బావ నాకు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు, వద్దని చెప్పమని. అక్క ఒకసారే చేసింది, ఏమీ చెప్పొద్దని.

నేనైతే వద్దనలేదు. సరేననీ అనలేదు. ఆదివారం గండికోటకు రమ్మన్నా. పెన్నా లోయను ట్యాబ్ లేకుండా, ఇంకుతో, ఆరు గళ్లలో గీయాలి. అది పూర్తిచేసి, సోమవారం మళ్లీ ఇంకో ఆరు గళ్లు గీయబుద్ధయితే అప్పుడు మిగతా సంగతులు చెప్తా: పేజీకి ఎంత అడగాలి, అడ్వాన్స్ ఎట్లా తీసుకోవాలి, ఒరిజినల్స్ వెనక్కివ్వాలని కాగితం మీద ఎట్లా రాయించుకోవాలి.