ట్రాక్టరుకు షెడ్డు ఉంది, చేతిపనికి ఒక బల్ల ఉందా?

పోస్టు కొంచెం పొడుగుంది, పొలం పని అయినంక తీరికగా చదవండి.

నా మాట ముందే చెప్త. మన నడిగడ్డల ప్రతి రైతు ఇంట్ల, కొట్టంల గాని, వాకిట్ల వేపచెట్టు నీడకు గాని, తోస్తే కదలని ఒక పని బల్ల ఉండాలె. దానికి ముందరి కాలుకు ఒక కట్టె వైసు, ఇంకో మూలకు ఒక ఇనుప వైసు ఉండాలె. రాజోలిల నేతగాని ఇంటికి పోయి చూడండి, ఎంత ఇరుకు ఇల్లయినా మగ్గానికి ఒక జాగ ఉంటది. మన ఇండ్లల్ల ట్రాక్టరుకు షెడ్డుంది, బండికి నీడుంది, మందు డబ్బాలకు అటక ఉంది. మన చేతిపనికి మాత్రం జాగ లేదు. ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు మనం పని ఎట్ల చేస్తున్నమో చూద్దాం. పార కామ విరిగితే కొత్త కట్టెను బండ మీద పెట్టి, కాలుతోని తొక్కిపట్టి, గొడ్డలితోని చెక్కుతం. పైపు కొయ్యాలంటే ఒకరు పట్టుకోవాలె, ఒకరు కొయ్యాలె. గుంటక పాస అరిగితే కాలు కింద అదిమిపట్టి కటింగ్ మిషన్ పెడతం. ఆ చక్రం నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతది. వస్తువు రవ్వంత జారితే బొటనవేలు ఉండదు. చెప్పులేసుకొని, లుంగీ ఎగ్గట్టుకొని ఈ పని చేసేటోళ్లు ప్రతి ఊర్లె ఉన్నరు. కాబట్టి మొదటి సంగతి ఖర్చు కాదు, మన కాళ్లు చేతులు. రెండు చేతులు పనిముట్టు మీద ఉండాలె, వస్తువును పట్టుకునే పని వేరేది చెయ్యాలె. ఆ వేరేదే వైసు.

"మా తాతల కాలంల వైసు లేదు గదా, పనులు ఆగినయా" అంటరు. నిజమే, ఆగలే. ఎందుకంటే అప్పుడు వడ్లాయన ఉండె. ఆయన నేల మీద కూసొని, కట్టెను పాదాల నడుమ పట్టి, బాడిశతోని చెక్కుతుంటే బుడ్డపిల్లలు చుట్టూ కూసొని చూసేటోళ్లు. ఆయనకు పాదాలే వైసు. మడమ ఎంత నొక్కాలె, వేళ్లు ఎప్పుడు వదలాలె అన్నది పదేండ్ల వయసు నుంచి నేర్చిన విద్య. బాడిశ దెబ్బ వేలికి అంగుళం దూరంల పడేది, వేలికి పడేది కాదు. ఆ సాధన మనకు లేదు, ఇప్పుడు నేర్చుకునేటందుకు పదిహేనేండ్లు లేవు. మనకు లేని ఆ సాధనకు బదులే వైసు. వడ్లాయన పాదం చేసిన పనిని మర చేస్తది. నేల మీద కూసొని చేసే పని తక్కువదని నేను అంటలేను, మనకు అది చేతకాదు అంటున్న.

ఇక వడ్లాయన సంగతి. నాగలి, గొర్రు, కాడి, బండి చక్రం అన్నీ ఆయన చేతులనే తయారైనయి. దానికి కల్లం కాడ మేర ఇచ్చేటోళ్లం. ఆ పద్ధతి అంత మంచిదని నేను చెప్పను. ఏడాదంతా పిలిచినప్పుడల్లా రావాలె, పంట పోతే ఆయన మేర కూడా పోతది. ట్రాక్టర్లు వచ్చినంక మేర పోయింది, పని పోయింది. ఆయన కొడుకులు హైదరాబాదుల ఫర్నిచర్ పనికో, ఇంటీరియర్ పనికో పోయినరు. వాళ్లు బాగుపడితే సంతోషమే. గాని ఊర్లె మిగిలిన ఆ పెద్దమనిషి చేతుల్ల ఉన్న విద్యను అడిగేటోడు లేడు. ఏ కట్టె దేనికి పనికొస్తది, తుమ్మ మొద్దును నీళ్లల్ల ఎందుకు నానబెడతరు, కట్టె ఏ దిక్కుకు వంగుతది అన్నది ఏ పుస్తకంల రాసిపెట్టలే. ఆయనతోనే పోతది.

వేరే దేశాలల్ల ఈ విద్యను రాసిపెట్టుకున్నరు. ఇటలీల వెసూవియస్ అగ్నిపర్వతం పేలి క్రీస్తు శకం 79ల బూడిదల పూడిపోయిన హెర్క్యులేనియం ఊర్లె ఒక గోడ బొమ్మ దొరికింది. అందుల పొట్టి బల్ల మీద కట్టెను బిగించి రంపంతోని కోస్తున్నట్టు ఉంది. పారిస్ల ఆంద్రే రూబో అనే వడ్రంగి ఉండె. ఆయన 1769 నుంచి తన పని గురించి పెద్ద పెద్ద పుస్తకాలు బొమ్మలతో సహా అచ్చేసిండు. అందుల ఆయన చూపించిన బల్లను చూసే అమెరికాల, యూరప్ల ఇప్పటికీ ఇండ్లల్ల బల్లలు చేసుకుంటున్నరు. మందపు పలక, నాలుగు బలమైన కాళ్లు, కాలుకు ఒక వైసు. రెండున్నర వందల ఏండ్లయినా అందుల మార్చేది పెద్దగా లేదు. మన వడ్లాయన విద్య అంతకు తక్కువది కాదు, రాసేటోడు లేకపాయె, అంతే.

సరే, బల్ల దేనితోని చెయ్యాలె? ఇక్కడే నాకు కడుపు మండేది. మన దగ్గర పాత మిద్దెలు పడగొట్టి స్లాబు ఇండ్లు కడుతున్నం. ఆ మిద్దెల దూలాలు, వాసాలు, గడపలు నలభై, యాభై ఏండ్లు నీడకు ఎండినయి. ఇంత ఎండిన కట్టె ఇక పెద్దగా వంగదు, పగలదు. దాన్ని మనం పొయ్యిల కట్టె లెక్క తూకానికి అమ్ముతున్నం. కొత్త పలక కావాలంటే మళ్లీ టింబర్ డిపోకు పోయి, ఎండని కట్టెకు ఎక్కువ పైసలు పెడతం. ఒక్క దూలం ఆపుకున్నా బల్ల కాళ్లు వస్తయి, రెండు ఆపుకుంటే పై పలక కూడా వస్తది. అయితే చూసి తీసుకోవాలె. సుత్తితోని కొట్టి చూడండి, గుల్ల శబ్దం వస్తే లోపల చెద తిన్నట్టే. పాత మేకులు దాగి ఉంటయి, అన్నీ పీకినంకనే రంపం పెట్టాలె.

పాత దూలం లేనోళ్లు వేప గాని తుమ్మ గాని వాడొచ్చు. వేపకు పురుగు తొందరగా పట్టదు, తుమ్మ బరువు, గట్టిది. కోసిన పలకలను నీడకు, నడుమ పుల్లలు పెట్టి గాలి ఆడేటట్టు పేర్చి, కనీసం ఒక ఎండకాలం పూర్తిగా ఆగాలె. పచ్చి కట్టెతోని చేస్తే వానకాలం వచ్చేసరికి కీళ్లు వదులైతయి. చెట్టు కొట్టేముందు వాల్టా చట్టం కింద అనుమతి కావాలెనా లేదా అని కనుక్కోండి.

కొలతలు సులువే. పొడవు 5 నుంచి 6 అడుగులు, వెడల్పు 2 అడుగులు. పై పలక మందం 3 అంగుళాలకు తగ్గొద్దు. కాళ్లు 4 అంగుళాల చదరం. ఎత్తు ఎంత అంటే, నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు కాడికి బల్ల రావాలె, చాలామందికి అది 32 నుంచి 34 అంగుళాలు. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 3 అంగుళాల మందం అంటే 3 ఘనపుటడుగుల కట్టె. వేప అయితే ఆ పలక ఒక్కటే 60 కిలోల దాకా తూగుతది. ఆ బరువే కావాలె. రందా పట్టేటప్పుడు బల్ల ముందుకు జరుగుతుంటే మన బలం సగం వృథా. కాళ్లను అడ్డకట్టెలతోని కలిపేటప్పుడు మేకుల మీద ఆధారపడొద్దు. ఒక కట్టెకు బెజ్జం కొట్టి, ఇంకో కట్టె కొసను నాలుక లెక్క చెక్కి దింపి, అడ్డంగా కట్టె చీల కొట్టాలె. మేకు ఊగి ఊగి వదులైతది, ఈ కీలు ఊగదు. కాళ్ల కింద నాలుగు బండ ముక్కలు పెడితే తేమ, చెద రెండూ ఆగుతయి.

ఇప్పుడు వైసు. బల్ల ముందరి కాలుకే చేసుకోవచ్చు. కాలు అంత పొడవు, 8 అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల మందం ఉన్న గట్టి పలక ఒకటి కావాలె, ఇదే దవడ. పై నుంచి 8 లేదా 9 అంగుళాల కింద దవడకు, కాలుకు ఒకే సూటిగా బెజ్జం పెట్టి ఇనుప మర దూర్చాలె. పాత స్క్రూ జాకీ మర దొరికితే మంచిదే, దాని పళ్లు మందంగా ఉంటయి, తొందరగా అరగవు. దవడ కింది కొసకు ఒక పట్టె బిగించి, కాలుల పెట్టిన సందుల నుంచి అది వెనుకకు జరిగేటట్టు చెయ్యాలె. ఆ పట్టెకు వరుసగా బెజ్జాలు ఉంటయి. మనం పట్టే వస్తువు రెండు అంగుళాలుంటే, కింద కూడా రెండు అంగుళాల కాడ ఇనుప చీల పెట్టాలె. లేకుంటే పైన బిగిస్తుంటే కింది కొస లోపలికి పోయి, దవడ వంకరైతది. మొత్తం వైసుల తెలివి అంతా ఆ చిన్న చీలలనే ఉంది.

మర బలం ఎంతో లెక్క చూడండి. పిడి 25 సెంటీమీటర్లు ఉంటే ఒక చుట్టుకు మన చెయ్యి దాదాపు 157 సెంటీమీటర్లు తిరుగుతది. మర పళ్ల మధ్య దూరం 5 మిల్లీమీటర్లయితే దవడ కదిలేది ఆ 5 మిల్లీమీటర్లే. అంటే లెక్క ప్రకారం మన చేతిబలం 314 రెట్లు. రాపిడిల చాలా వరకు పోయినా, మిగిలిందే ఏ మనిషి పాదమూ పట్టలేనంత. దవడ లోపలి దిక్కు పాత తోలు ముక్క అంటిస్తే కట్టెకు మచ్చ పడదు.

ఇనుప వైసును హార్డువేర్ షాపుల కొనుక్కోవాలె. 4 లేదా 5 అంగుళాలది చాలు. బోల్టులతోని, అదీ కాలుకు పైనే బిగించండి, పలక నడుమ వద్దు. చాలావరకు అది పోత ఇనుము, దాని మీదనే పెట్టి సమ్మెట వేస్తే పగులుతది. పైపులు, స్ప్రేయరు భాగాలు, మోటరు కప్లింగు దీని మీద. కట్టె పని కట్టె వైసు మీద. రెండూ కలపొద్దు.

వైసుకు కూడా పైసలు లేవంటే, పలకకు ముప్పావు అంగుళం బెజ్జాలు పెట్టి, కమ్మరాయనతోని అదే మందపు కడ్డీని కర్ర పిడి లెక్క వంచి కొక్కెం చేయించండి. బెజ్జంల పెట్టి నెత్తిన ఒక దెబ్బ కొడితే ఏటవాలుగా ఇరుక్కొని కట్టెను పట్టేస్తది. వెనుక నుంచి తడితే వదులుతది. ఇదీ పాత విద్యనే.

"ఇంత ఎందుకు, బజార్ల రెడీమేడ్ కామలు దొరుకుతయి గదా" అని అడుగుతరు. దొరుకుతయి. అందరికీ ఒకే మందం. మన విత్తన పత్తి చేన్లల్ల దినమంతా కలుపు తీసేది ఎక్కువ ఆడోళ్లే. కొడవలి పిడి చేతికి లావైతే పట్టు కోసం ఇంకా గట్టిగా పట్టాలె, సాయంత్రానికి అరచేయి బొబ్బలెక్కుతది. బల్ల మీద పెట్టి పావుగంట చెక్కితే ఆ పిడి ఆమె చేతికి కుదురుతది. ఏ షాపు కూడా మన ఇంటి మనిషి చేతి కొలత తీసుకోదు. ఇంకోటి, క్రాసింగ్ రోజులల్ల ఒక్క పూట పోతే ఆ పూట పూలు పోయినట్టే, రేపు మళ్లీ రావు. చిన్న రిపేరుకు శాంతినగర్ పోయి, షాపు తెరిచేదాకా ఆగి, తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం అయితది. సామాను ధర పది రూపాయలుంటది, పోయిన పూట ధర దానిమీద రాసి ఉండదు.

"మరి మనమే చేసుకుంటే వడ్లాయన కడుపు కొట్టినట్టు కాదా?" ఇది అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు ఇది. మనం చేసుకునేది ఆయన దాకా పోని పని, విరిగిన కామలు, ఊడిన పిడులు. బల్లను మాత్రం ఆయనతోనే చేయించండి. టౌన్ల ఇచ్చే కూలి ఏదో ఆ కూలే ఇవ్వండి, బేరం ఆడొద్దు. ఆయన చేసినన్ని దినాలు మీ కొడుకును, బిడ్డను పక్కన నిలబెట్టండి. రంపం ఎట్ల పట్టాలె, ఉలి ఎట్ల నూరాలె, రందా ఏ దిక్కుకు నడపాలె అన్నది ఆ మూడు నాలుగు దినాలల్ల చూసింది యూట్యూబుల ఏడాది చూసినా రాదు. ఊర్లె పది ఇండ్లల్ల బల్లలు లేస్తే ఆయనకు ఒక ఎండకాలం పని. ఆ తర్వాత మనకు రాని పెద్ద పనికి మళ్లీ ఆయననే పిలుస్తం, ఎందుకంటే పని విలువ తెలిసినోడే పనిమంతుని విలువ తెలుసుకుంటడు.

ఆయనకు ఇంకో మాట కూడా చెప్పండి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంల 18 చేతివృత్తులున్నయి, అందుల వడ్రంగి, కమ్మరి రెండూ ఉన్నయి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఈ-వోచరు, శిక్షణ రోజులల్ల దినానికి 500 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది కట్టినంక 2 లక్షల దాకా అప్పు అని పెట్టినరు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నరా అని దగ్గరి సీఎస్‌సీ సెంటర్ల అడగాలె. ఆ పెద్దమనిషికి ఫోను వాడరాకపోతే మన పిల్లగాండ్లు వెంట పోతే ఏం పోతది?

విత్తనం కంపెనీది, మందు డీలరుది, మిషన్ ఫైనాన్సుది. మన సేద్యంల మనది అని చెప్పుకునేది రోజురోజుకు తగ్గుతున్నది. విరిగిన దాన్ని బాగుచేసుకునే చెయ్యి అయినా మనది కావాలె.

మృగశిర కార్తెకు ముందు ఖాళీ దినాలు ఉంటయి, ఈ పనికి అవే సరైన రోజులు. మీ ఊర్లె ఎవరన్న మిద్దె పడగొడుతున్నరా? దూలం తూకం కాటా ఎక్కకముందు ఒక్కసారి మీ వడ్లాయనను తీస్కపోయి చూపెట్టండి.