కంచె పెట్టిన పండు

కంచే చేను మేసిందన్న సామెత మనందరికీ తెలిసినదే. కాని, కంచె పండ్లు పెట్టి పిల్లల ఆకలి తీర్చిన కాలం కూడా ఒకటి ఉండేది. ఆ సంగతి చెప్పే సామెత లేకపోయినా, సాక్ష్యం చెప్పే మొక్క ఒకటి ఉంది. దాని పేరు కలివి. కొన్ని ప్రాంతాలలో కలే అని కూడా అంటారు.

ఒక వానకాలంలో దొన్నెడు కలివిపండ్లను తరగతికి తీసుకొనిపోయి, ఇవేమిటని విద్యార్థులను అడిగాను. కొందరు నేరేడన్నారు, కొందరు ద్రాక్ష అన్నారు. వెనుక వరుసలోని ఒక అమ్మాయి మాత్రం, "కలేపండ్లు సార్! మా అవ్వ మేకలు తోలుకొనిపోయి కొంగున కట్టుకొని తెచ్చేది" అన్నది. మిగిలినవారికి కలివికోడి పేరు తెలుసు. ఆ పేరులోని కలివి ఏమిటో తెలియదు. ఆ తప్పు వారిది కాదు. ఆ మొక్కను వారి కంటికి దూరం చేసిన మా తరానిది.

కలివిపొదల మాటున సంచరించేది గనుక ఆ పిట్టకు కలివికోడి అని పేరు. 1848లో థామస్ జెర్డాన్ అనే వైద్యుడు దానిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత అది ఎవరి కంటా పడలేదని, అంతరించిందని శాస్త్రజ్ఞులు భావించారు. 1986లో కడప జిల్లాలో అది మళ్లీ కనిపించింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు దాని జాడ చూపించినవారు అడవి అంచున బ్రతికే సామాన్యులే. పండితులు పోయిందనుకొన్న ప్రాణి పామరుల మాటలో బ్రతికే ఉంది. ఒక పేరు నాలుకపై నిలిచి ఉండడం ఎంత విలువైనదో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

కలివి గన్నేరు కుటుంబానికి చెందిన ముళ్లపొద. ఆకు తుంచితే పాలు కారుతాయి. అయిదు రేకుల తెల్లని పూలు మల్లెలను తలపించే పరిమళాన్ని వెదజల్లుతాయి. పచ్చికాయ ఎర్రబారి, పిదప నల్లగా పండుతుంది. మనం పప్పులోనూ పచ్చడిలోనూ వాడుకొనే వాక్కాయ దీనికి దగ్గరి చుట్టం. సంస్కృతంలో వాకను కరమర్దకమంటారు. అమరకోశం దానికి కృష్ణపాకఫలమని మరొక పేరు చెప్పింది. నల్లగా పండేదని అర్థం. ఆ పేరు మన కలివికీ అన్వర్థమే. బేకరీ రొట్టెలపై మెరిసే ఎర్రని 'చెర్రీ' చాలాసార్లు పాకంలో ఊరవేసి రంగు పూసిన వాక్కాయే. మన పండునే పరాయి పేరుతో కొని తింటున్నామన్నమాట!

మా ఇంటి ప్రహరీ వెంట ఒకప్పుడు పసుపుపచ్చని ఆకుల డ్యురాంటా ఉండేది. అమెరికా ఉష్ణప్రాంతాల నుండి వచ్చిన ఆ మొక్క చూడడానికి అందమైనదే. కాని దాని కాయలు మనిషికి విషం. దానిని తీసి కలివిగింజలు నాటాను. పండిన పండ్ల గుజ్జు కడిగివేసి, గింజలను ఆలస్యం చేయక విత్తాలి. నిలవ ఉంచితే మొలకెత్తే శక్తి సన్నగిల్లుతుంది. ఎర్రనేల, గులకనేల అయినా సరిపోతుంది. ఎండ మాత్రం బాగా తగలాలి. మొదటి వేసవిలో నీరు పోస్తే చాలు. వేరూనిన తరువాత వానచినుకులతోనే నెట్టుకొనిపోతుంది. రెండు మూడేళ్లు ఎదుగుదల మందకొడిగా ఉంటుంది. ఓపిక పట్టినవారికి పూలూ పండ్లూ దక్కుతాయి. ఇప్పుడు మా పొదలో తేనెటీగల ఝుంకారం వినిపిస్తున్నది. పండ్లలో మాకన్న పిగిలిపిట్టల వాటాయే ఎక్కువ.

ముళ్లమొక్క ఇంట్లో ఎందుకని ఆక్షేపించేవారున్నారు. అది కొట్టిపారవేయదగిన మాట కాదు. బంతి కోసం వచ్చిన పొరుగింటి పిల్లవాడి చేయి గీరుకొన్నప్పుడు పొదను నరికివేయమని మా ఇంటివారే అన్నారు. నేను దారివైపు కొమ్మలను కత్తిరించి పొదను నిలుపుకొన్నాను. పసిపిల్లలు తిరుగాడే ముంగిటికి కలివి తగదు. పెరటి మూలకు, ప్రహరీ అంచుకు తగినది. మేకలకూ పశువులకూ అడ్డు నిలిచేది ఆ ముల్లే. ఆ ముల్లు ఉన్నందువల్లనే అది ఒకనాడు చేనికి కంచె అయింది.

పెరట్లో ఒక పొద పెంచినంత మాత్రాన కలివికోడి మన ఇంటికి రాదు. దానికి కావలసినది లంకమల వంటి చోట్ల చెదరక మిగిలిన చిట్టడవి. ఆ అడవిలోని మొక్కను పెకలించి తెచ్చుకోవడం మేలు కాదు, కీడు. గింజ తెచ్చుకొంటే చాలు. అయినా పెరటి మొక్క చేయగల పని ఒకటున్నది. అది మనకూ ఆ అడవికీ మధ్య పరిచయాన్ని నిలుపుతుంది. పేరు తెలియనిదాన్ని నరికినా మనకు నొప్పి కలుగదు. చిన్ననాడు కోసుకొని తిన్న పండు కాసే పొదపై గొడ్డలి పడితే మాత్రం మనసు కలుక్కుమంటుంది.

నిఘంటువులో మాట మిగిలినంత మాత్రాన భాష బ్రతికినట్లు కాదు. ఆ మాటకు తగిన పండు ఒకటి పిల్లల అరచేతిలో ఉండాలి. విద్యార్థులారా! ఈ వానకాలం మీ పెరట్లో ఒక్క కలివిగింజను నాటండి. అది కాపుకు వచ్చిన నాడు తొలిపండును మీ ఇంటి పసివాడి చేతిలో పెట్టి, దాని పేరు చెప్పండి.