పేదవాడే కానీ నిజాయితీపరుడట!

హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ హానెస్ట్. ఇది కాంపౌండ్ సెంటెన్స్. దో హీ ఈజ్ పూర్, హీ ఈజ్ హానెస్ట్. ఇది కాంప్లెక్స్. ఇన్ స్పైట్ ఆఫ్ హిజ్ పావర్టీ, హీ ఈజ్ హానెస్ట్. ఇది సింపుల్. మన దేశంలో ఇంగ్లీషు గ్రామర్ క్లాసులో కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఈ పెద్దమనిషి పరిచయమే. మూడు రకాలుగా రాస్తే మార్కులు పడతాయి. తరాలు మారినా ఆయన ఇంకా పేదవాడుగానే ఉన్నాడు, ఇంకా నిజాయితీపరుడే!

ఆ "బట్" అక్కడ ఏం చేస్తోందని మాత్రం ఎవరూ అడగరు. పేదవాళ్ళు మామూలుగా నిజాయితీగా ఉండరు, ఈయన మాత్రం మినహాయింపు అని అది చెబుతోంది. దీనికి ఆధారం ఏమిటి? హీ ఈజ్ రిచ్, బట్ హీ ఈజ్ హానెస్ట్ అని ఏ గ్రామర్ పుస్తకంలోనైనా చూశారా? నా ఉద్యోగమంతా రక్షణ ఖాతాల శాఖలో బిల్లులు చూడటంతోనే సరిపోయింది. పెద్ద తప్పులు నాకు పెద్ద బిల్లుల్లోనే కనబడేవి. ఆ వాక్యం నా టేబుల్ మీదకు వచ్చి ఉంటే "బట్" కింద గీత గీసి, వోచరు జతచేయవలసిందని రాసి తిప్పి పంపేవాణ్ణి.

నేను బి.కాం. చదివినవాణ్ణి, భాషా పండితుణ్ణి కాను. వాక్యాల రకాలు నేర్పవద్దని కూడా అనడం లేదు. నేర్పే పద్ధతి మంత్రం అప్పగించినట్టు ఉంది, నా తగాదా దానితోనే. అర్థం తెలియకుండా మంత్రాలు చదువుతున్నారని పురోహితుణ్ణి వెక్కిరించే హేతువాదులు తమ పిల్లల గ్రామర్ నోట్సు ఒకసారి తెరిచి చూడాలి.

రిటైరయ్యాక నేను ఇక్కడే, డిగ్లీపూర్‌లో ఉండిపోయాను. సాయంత్రాలు మా వీధి పిల్లలు నోట్సులు పట్టుకొని వస్తారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, పుస్తకంలో ఇంగ్లీషు. నోట్సులో మూడు కాలమ్‌లు. అండ్, బట్, సో కనబడితే కాంపౌండ్. ఇఫ్, దో, బికాజ్ కనబడితే కాంప్లెక్స్. టూ-టు, ఇన్ స్పైట్ ఆఫ్ ఉంటే సింపుల్. ఒకసారి ఎరియల్ బే రేవులో పాత పడవ పక్కన చిరిగిన వలతో, రెండు కుక్కలతో ఒక ముసలి జాలరి కూర్చున్నాడని ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పాను. పొడవుగా ఉంది కాబట్టి కాంప్లెక్స్ అన్నాడొకడు. వలకీ కుక్కలకీ మధ్య "అండ్" ఉంది కాబట్టి కాంపౌండ్ అన్నాడు ఇంకొకడు. క్రియ ఒక్కటే ఉంది, అది సింపుల్! బొట్టు చూసి మతం చెప్పినట్టు, పిల్లలు గుర్తు చూసి రకం చెబుతున్నారు.

ఆంధ్ర, తెలంగాణ పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. తెలుగు క్లాసులో సామాన్య, సంయుక్త, సంక్లిష్ట వాక్యాలు చెబుతారు. "అన్నం తిని బడికి వెళ్ళాడు" అంటే సంక్లిష్టం, ఎందుకంటే "తిని" అసమాపక క్రియ. దాన్నే హ్యావింగ్ ఈటెన్, హీ వెంట్ టు స్కూల్ అంటే ఇంగ్లీషులో సింపుల్. రెండు ఖాతాల్లో పద్దు పేరు ఒకటే, లెక్క కట్టే పద్ధతి వేరు. తెలుగు పంతులూ ఇంగ్లీషు పంతులూ పది నిమిషాలు కూర్చొని మాట్లాడుకుంటే తేలిపోయే సంగతి ఇది.

ఇక అసలు ప్రమాదానికి వస్తాను. 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ నుంచి నేటి గైడ్ల దాకా, రెండు వాక్యాలిచ్చి ఒకటిగా కలపమనే అభ్యాసం ఉంటుంది. "తాయెత్తు కట్టారు. జ్వరం తగ్గింది." రెండూ నిజమే కావచ్చు. "ఆఫ్టర్" పెట్టి కలిపితే ముందూ వెనకా చెప్పినట్టు, అంతే. "బికాజ్" పెట్టి కలిపితే ఎవరూ చూడని మూడో సంగతి ఒకటి లోపలికి వచ్చేసింది. జ్వరం దానంతట అదే తగ్గిందో, ఆస్పత్రి మాత్రలకు తగ్గిందో ఎవరు చూశారు? కానీ కాంప్లెక్స్ సెంటెన్సేగా, ఫుల్ మార్కులు! మూఢనమ్మకాల్లో సగం పుట్టేది ఈ అతుకు దగ్గరే. దాన్నే మనం బడిలో ప్రాక్టీసు చేయిస్తున్నాం.

2004 డిసెంబరు 26 తర్వాత ఇక్కడ ఈ అతుకులకు లోటు లేదు. పాపం పెరిగింది, అందుకే సముద్రం వచ్చిందన్నారు. ఆ భూకంపంలో మా ఉత్తర అండమాన్ తీరం పైకి లేచింది. నీళ్ళలో ఉండే పగడపు దిబ్బలు బయటపడి చచ్చిపోయాయి. దక్షిణాన పోర్ట్ బ్లెయిర్ (2024లో దాని పేరు శ్రీ విజయపురంగా మార్చారు) వైపు నేల కుంగి, పొలాల్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. పాపానికి అక్కడ నేల కుంగి, ఇక్కడ లేస్తుందా? మరి ఇక్కడి పాపాల బరువు తక్కువా? భారత ఫలకం బర్మా ఫలకం కిందికి చొచ్చుకుపోతోంది కాబట్టి ఇలా జరిగిందని భూగర్భ శాస్త్రజ్ఞులు కూడా "బికాజ్" వాడారు. కానీ చచ్చిన పగడాలు ఎంత ఎత్తున ఉన్నాయో వెళ్ళి కొలిచి మరీ వాడారు. ఆ కొలత ఉన్న "బికాజ్", లేని "బికాజ్" గ్రామర్ పరీక్షలో ఒకటే!

"అన్‌లెస్" సంగతి చెప్పనే అక్కర్లేదు. రసీదు ఉంటే తప్ప క్లెయిము చెల్లదనే నిబంధనలో డబ్బంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంటుంది. కాలమ్ బట్టీ పట్టినవాడు అది కాంప్లెక్స్ అని చెప్పగలడు, రసీదు మాత్రం దాచుకోడు.

అందుకే మా పిల్లలకు ముందు క్రియలు లెక్కపెట్టిస్తాను. తర్వాత అతుకు మాటను వేలితో మూసి, ఇక్కడ ఏ మాట పెట్టవచ్చు, అది నీకెలా తెలుసు అని అడుగుతాను. ఇది పరీక్షకు పనికొస్తుందా అని తల్లిదండ్రుల అనుమానం. క్రియ గుర్తుపట్టగలిగినవాడికి మూడు కాలమ్‌లతో పనేముంది? ఇంట్లో మాత్రం కొంచెం ఇబ్బందే. మొన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, "మా బాబు పంతులుగారిని కూడా మీకెలా తెలుసని అడిగేస్తన్నాడండి" అని ఫిర్యాదు చేసింది. ఆయన ఏం చెప్పారమ్మా అన్నాను. ఇంకా చెప్పలేదట.